యూదులు శుక్రవారం రాత్రి పిల్లల తల మీద చేతులు పెట్టి ఏమంటారు?

సబ్బాతు (యూదుల వారపు విశ్రాంతి దినం) భోజనానికి ముందు అమ్మో నాన్నో తల మీద చేతులు పెట్టి, అబ్బాయైతే "దేవుడు నిన్ను ఎఫ్రాయిములా, మనష్షేలా చేయాలి" అని (వీళ్లిద్దరూ యూదుల మూలపురుషుడు యాకోబు మనవలు), అమ్మాయైతే యూదుల మూలమాతలైన శారా, రిబ్కా, రాహేలు, లేయాల పేర్లతో దీవిస్తారు, తర్వాత బైబిల్లోని సంఖ్యాకాండం 6లో ఉన్న యాజకుల దీవెన చెప్తారు. ఈ మాటలు అందరిళ్లలోనూ ఒకటే, కానీ కొందరు చివర్లో ఆ పిల్లాడు ఆ వారం చేసిన మంచి పనేదో చెవిలో చెప్తారు, నాకైతే అసలు దీవెన అదే అనిపిస్తుంది. ఎవరికి తగిన దీవెన వాళ్లకి అనేది ఆదికాండం 49లోనే ఉంది, యాకోబు చనిపోయే ముందు 12 మంది కొడుకుల్నీ పిలిచి యూదాని సింహప్పిల్ల అన్నాడు, నఫ్తాలిని లేడి అన్నాడు (రూబేను, షిమ్యోను, లేవీలకి మాత్రం తిట్లు పడ్డాయి లెండి). ఇంకోటి, సామెతలు 22:6 మన తెలుగు బైబిల్లో పిల్లాడు "నడువవలసిన త్రోవ" నేర్పమని ఉంటుంది, హీబ్రూలో మాత్రం "వాడి దారి" అనే ఉంది, అందుకే పిల్లాడి స్వభావాన్ని బట్టి నేర్పాలని చెప్పే యూదు పండితులు చాలామందే ఉన్నారు.