ముందు కోత మిషన్, తర్వాత యాప్

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాల వరి చేస్తాం. మావాడు బీటెక్ మెకానికల్ మూడో ఏడు. కోత మిషన్లు బుక్ చేసుకునే యాప్ పెడతానని మూడు నెలలుగా అదే లోకం. హైదరాబాద్‌లో ఎవరో 2 లక్షలకు చేసిస్తామన్నారట, బంగారం కుదువబెట్టి ఇవ్వమంటున్నాడు. 'చీర నేసేముందు దారం చుట్టే ఆసు యంత్రానికి మల్లేశం గారికి ఏడేండ్లు పట్టింది, నాకు ఒక్క ఏడాది టైమివ్వు' అంటాడు. మాకైతే మిషన్ దొరకడం ఎప్పుడూ కష్టం కాలేదు, చెప్పిన రోజుకు రాదు, అదే బాధ. డబ్బులివ్వాలా, చదువుకో అని గట్టిగా చెప్పాలా?

జవాబు: డబ్బులివ్వకండి. వద్దని కూడా అనకండి. వానాకాలం కోతలు ఇంకో నాలుగైదు వారాల్లో మొదలవుతాయి కదా, ఈ కోతలకే మీ అబ్బాయి పని మొదలుపెట్టాలి. యాప్ లేకుండా.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట మీరు మామూలుగా రాసేసిన మాటే: మిషన్ దొరుకుతుంది, చెప్పిన రోజుకు రాదు. ఇది మీ అబ్బాయికి చెప్పారా? ఆయన అడిగాడా? బుకింగ్ బటన్ ఎంత అందంగా ఉన్నా ఈ బాధ తీరదు. మిషన్ మాట్లాడిపెట్టే మీడియేటర్ మూడూళ్లలో మాట ఇస్తాడు, మిషన్ ఎక్కడ ఎక్కువ ఎకరాలు దొరికితే అక్కడే ఉండిపోతుంది. లోపలి మడి పండినా ముందు మడి కోస్తేగాని మిషన్‌కు దారి ఉండదు. వాన పడి నేల దిగబడితే టైర్ మిషన్ పనికిరాదు, చైన్ మిషన్ కావాలి, దానికి గంటకు కిరాయి ఎక్కువ. 2 లక్షలు అడిగినవాళ్లకు ఇవేవీ తెలియవు. తెలియాల్సిన అవసరం కూడా వాళ్లకు లేదు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేసి ఇస్తారు.

అందుకని మొదటి విడతలో మీ ఊళ్లో పది పదిహేను మంది రైతులు, ఒకరిద్దరు మిషన్ ఓనర్లు చాలు. ఒక నోట్‌బుక్, ఫోన్‌లో వాట్సాప్ బిజినెస్. ఎవరి మడి ఎక్కడ, నాటు ఎప్పుడు వేశారు, నేల తడిగా ఉందా, దారి ఏ వైపు నుంచి అన్నది పొలం గట్టు మీద నిలబడి రాసుకోవాలి. దాన్ని బట్టి కోత వరుస వేసి, ఓనర్‌తో ఒప్పించి, రైతుకు ముందు రోజు సాయంత్రమే 'రేపు పొద్దున మీది' అని చెప్పాలి. మిషన్ పాడై ఆలస్యమైతే, రైతు ఫోన్ చేయకముందే తను చేయాలి. ఇదే ప్రొడక్ట్. ఈ ఒక్క మాట నిలబెట్టుకోగలిగితే లాంచ్ అయినట్టే.

కమీషన్ సంగతి మొదటి రోజే ఓనర్‌తో మాట్లాడమనండి. 'మంచి పని చేస్తున్నవ్ తమ్మీ' అని అందరూ అంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. చుట్టుపక్కల మడులన్నీ ఒకే వరుసలో దొరికితే ఓనర్‌కు తిరుగుడు తగ్గి డీజిల్ మిగులుతుంది, కాబట్టి గంటకు కొంత ఇవ్వడానికి ఆయనకు కారణం ఉంది. అయినా ఇవ్వనంటే ఎందుకో రాసుకోవాలి. బంగారం కుదువబెట్టకముందే తెలియాల్సిన సంగతి అది.

ఇక మల్లేశం గారి మాట. ఆలేరు దగ్గర శారాజీపేటలో, అప్పటి నల్లగొండ జిల్లాలోనే, ఆయన 1992లో మొదలుపెట్టి 1999 నాటికి ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. కానీ అది దారం తెగకుండా తిరగాల్సిన యంత్రం. ఒక్కో భాగం చేసి, చూసి, మార్చాల్సిందే, టైమ్ పడుతుంది. పైగా ఎవరి కోసం చేస్తున్నారో ఆ మనిషి ఇంట్లోనే ఉంది. ఒక్కో చీరకు వేలసార్లు చేయి ఆడించి భుజం నొప్పితో బాధపడ్డ వాళ్లమ్మ. మీ ఇంట్లోనూ రైతు ఉన్నాడు, ఏడేండ్ల మాట పట్టుకునే ముందు ఆయన్ని అడిగితే సరిపోయేది.

కంపెనీ రిజిస్ట్రేషన్ ఇప్పుడు వద్దు. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే రూపాయి రాకపోయినా ఏటా ఆడిట్, ఫైలింగ్ ఖర్చులు తప్పవు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి వేలు అడిగే ఏజెంట్లను నమ్మకండి. యాప్ అవసరం నిజంగా వచ్చినా ప్లే స్టోర్ ఖాతాకు ఒకేసారి కట్టేది 25 డాలర్లు. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మందితో 14 రోజులు వరుసగా టెస్ట్ చేయించాలి. ఈ రైతులే అప్పుడు ఆ పన్నెండు మంది అవుతారు.

చదువు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అటెండెన్స్ 75 శాతం కంటే తగ్గకూడదు, బ్యాక్‌లాగ్ ఉండకూడదు. సెలవులు, ఆదివారాలు, సాయంత్రాలు ఈ పనికి చాలు. పెట్రోలుకు, రీఛార్జికి మీరివ్వండి, అంతవరకే. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో మెకానికల్ పిల్లలు చాలామంది కొనుక్కొచ్చిన ప్రాజెక్టు గురించి చెబుతారు. మీవాడు మిషన్ ఆగిపోయిన రోజు పదిమంది రైతులకు ఏం సమాధానం చెప్పాడో చెప్పొచ్చు. ఐడియా నడవకపోయినా ఈ అనుభవం ఆయనకు మిగులుతుంది.

కోతలయ్యాక నోట్‌బుక్‌లో రెండు విషయాలు చూడండి. ఎంతమందికి చెప్పిన రోజుకే మిషన్ వచ్చింది, ఓనర్ చేతి నుంచి ఎంత డబ్బు వచ్చింది. యాసంగికి కూడా తనే కావాలని రైతులు వాళ్లంతట వాళ్లు ఫోన్ చేస్తుంటే నాకు మళ్లీ రాయండి, అప్పు సంగతి అప్పుడు మాట్లాడదాం.