బొమ్మ మీది, జవాబూ మీదే

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి ‘జెల్డా’ వీడియో గేమ్స్ అంటే ప్రాణం. ఈమధ్య అందులోని హీరో లింక్ బొమ్మ వేశాను. ఆకుపచ్చ టోపీ, ఆకుపచ్చ చొక్కా ఉన్న పాత లింక్. కత్తి ఎడమ చేతిలో పెట్టాను. మొదటిసారి ధైర్యం చేసి ఆన్‌లైన్‌లో పెడితే చాలామంది బాగుందన్నారు. కొందరు “లింక్‌ది కుడి చెయ్యి, అది కూడా తెలియదా?” అన్నారు. బాగా అనుభవం ఉన్న ఒక ఆర్టిస్ట్ మాత్రం నా బొమ్మ మీదే ఎర్ర గీతలు గీసి, మోచెయ్యి ఎక్కడ ఉండాలో, వెలుగు ఎక్కడ తప్పిందో చూపించారు. అది చూసి మా అన్నయ్యకు కోపం వచ్చింది. నా పాస్‌వర్డ్ తనకు తెలుసు. నా పేరుతోనే ఆవిడకు “ముందు మీ బొమ్మలు చక్కగా వేసుకోండి” అని రాశాడు. ఆవిడ తను పెట్టినదంతా తీసేశారు. నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్యే. అందుకే ఏమీ అనలేకపోయాను. ఇకమీదట ఏది పెట్టినా ముందు తనకు చూపించి పెట్టమన్నాడు. ఎడమ చెయ్యి నిజంగా తప్పా? ఆ బొమ్మ తీసేయాలా? విమర్శలు తట్టుకోవడం ఎలా? టెన్షన్‌తో మళ్లీ పెన్సిల్ పట్టుకోలేకపోతున్నాను.

జవాబు: ఎడమ చెయ్యి తప్పు కాదు. ఆ సిరీస్ 1986లో మొదలైంది. చాలా ఏళ్లపాటు లింక్‌ది ఎడమచేతి వాటమే. 2006లో ఆ సిరీస్‌లోని ‘ట్విలైట్ ప్రిన్సెస్’, చేతిలో రిమోట్ ఊపుతూ ఆడే ‘వీ’ (Wii) అనే గేమ్ కన్సోల్ మీదకు వచ్చినప్పుడు, ఆడేవాళ్లలో ఎక్కువమంది ఆ రిమోట్‌ని కుడిచేత్తో ఊపుతారు కాబట్టి గేమ్ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేశారు. అందులో తూర్పు, పడమరలు కూడా తారుమారయ్యాయి. అదే గేమ్ అంతకుముందు కన్సోల్ అయిన గేమ్‌క్యూబ్‌లో ఆడితే లింక్ ఎడమచేత్తోనే కత్తి పట్టుకుంటాడు. 2011లో వచ్చిన ‘స్కైవార్డ్ స్వోర్డ్’లో, 2017లో వచ్చిన ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో కుడిచెయ్యి వాడాడు. మీరు వేసింది పాత లింక్‌ని. కొత్త గేమ్స్‌తో పరిచయమైనవాళ్లకు అది తప్పులా కనిపించింది, అంతే. దీని గురించి ఇక ఆలోచించకండి.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. “అది కూడా తెలియదా?” అన్నవాళ్ల గురించి రాసినప్పుడు మీలో పెద్దగా బాధ లేదు. ఆవిడ తను పెట్టినదంతా తీసేశారని రాసిన చోట ఉంది. మీ చేత పెన్సిల్ పట్టనివ్వనిది విమర్శ కాదు, మీ పేరుతో మీ అన్నయ్య అన్న మాట.

ఆ ఆర్టిస్ట్ చేసిన పని ఎంతటిదో ముందు చెప్పాలి. ముక్కూ మొహం తెలియని అమ్మాయి బొమ్మ తీసుకుని, దాని మీద గీతలు గీసి, ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతుందో చూపించడానికి ఓపిక కావాలి. బాగుందనడానికి క్షణం పడుతుంది. మోచెయ్యి నడుము దగ్గరికి రావాలని, కత్తితో ముందుకు చాచిన చెయ్యి పొట్టిగానూ పిడికిలి పెద్దగానూ కనిపించాలని చెప్పేవాళ్లు, మీ బొమ్మని మీకంటే ఎక్కువసేపు చూసి ఉంటారు. చెయ్యి పొడవెంతో మనకు తెలుసు కాబట్టి కళ్లకు కనిపించేది వదిలేసి తెలిసిన పొడవే గీసేస్తాం. కొత్తగా వేసేవాళ్లందరూ చేసేదే అది. మొహం మీద వెలుగు ఒక పక్క నుంచి, కత్తి మీద ఇంకో పక్క నుంచి పడినా అంతే. చూసేవాళ్లకు ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఎందుకో తెలియదు. ఆవిడ ఆ ఎందుకో చెప్పారు. అడక్కుండా తమ బొమ్మ మీద గీతలు గీస్తే నచ్చనివాళ్లు కూడా ఉంటారు, అందులో తప్పు లేదు. “మాటల్లో చెప్పండి చాలు” అని మర్యాదగా అనొచ్చు. అయితే ఆ మాట అనాల్సింది మీరు.

ఇక మీ అన్నయ్య సంగతి. చదివించిన అన్నయ్య రుణం చిన్నది కాదు. ఆ రుణాన్ని తేలిగ్గా తీసేసే మనిషిని కాను నేను. అతనికి ఒంట్లో బాగోకపోతే మీరు పక్కన ఉండాలి, ఇంటి బరువులో మీ వాటా మోయాలి, అతని కష్టంలో పిలవకుండానే వెళ్లాలి. ఇవన్నీ మీరు బాకీ ఉన్నారు. మీ పేరు ఆ బాకీలో లేదు. అన్నయ్య తన పేరుతో పోట్లాడి ఉంటే, చెల్లెలి మీద ప్రేమ కొద్దీ నోరు జారాడని ఊరుకునేదాన్ని. అతను మీలా మాట్లాడాడు. ఇప్పుడు ఆవిడ దృష్టిలో, అది చదివిన అందరి దృష్టిలో, మేలు చేసినవాళ్లను ఈసడించిన అమ్మాయి మీరు.

అతను చెడ్డవాడని నేననను. చిన్న వయసులోనే తండ్రి స్థానంలోకి వచ్చినవాళ్లకు, తాము పెంచిన పిల్లలో ఎవరు లోపం చూపించినా అది తమ పెంపకానికి తగిలినట్టే ఉంటుంది. అతని కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. కానీ “నాకు చూపించి పెట్టు” అన్న మాటకు మాత్రం మీరు ఒప్పుకోకూడదు. ఇవాళ బొమ్మ చూపించాలి. రేపు ఆఫీసులో పైవాళ్లకు రాసే ఉత్తరం. ఆ తర్వాత, పెళ్లి చూపుల్లో మీరు చెప్పాల్సిన అవునో కాదో. మీరు ఇన్నాళ్లూ మాట్లాడకపోవడం వల్ల కూడా ఇది ఇంతదాకా వచ్చింది. మీరు కాదనరని అతనికి తెలుసు.

కాబట్టి ముందు అతనితో మాట్లాడండి. ఫోన్‌లో మెసేజ్ పెట్టొద్దు, ఎదురుగా కూర్చుని చెప్పండి: “అన్నయ్యా, నా మీద ప్రేమతోనే కోప్పడ్డావు, నాకు తెలుసు. కానీ ఆవిడ నాకు సాయం చేశారు. నా పేరుతో ఆవిడను అలా అన్నందుకు నాకు తలెత్తుకోలేనట్టుంది. ఇకనుంచి నా జవాబులు నేనే రాసుకుంటాను. పాస్‌వర్డ్ మార్చుకుంటున్నాను.” ఇంతకంటే ఎక్కువ వద్దు. ఈ మాట చెప్పాకే పాస్‌వర్డ్ మార్చండి. చెప్పకుండా మారిస్తే అతన్ని దొంగలా చూసినట్టవుతుంది, అది అతనికి తగదు. అలుగుతాడు. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు కూడా. “ఇంత చేస్తే ఇదా?” అని అమ్మ దగ్గర అంటే అననివ్వండి. అమ్మను మధ్యలోకి లాగకండి, ఇల్లు ప్రశాంతంగా ఉండాలని మళ్లీ పాస్‌వర్డ్ ఇచ్చేయకండి. భోజనానికి మాత్రం రోజూ లాగే పిలవండి.

తర్వాత ఆ ఆర్టిస్ట్. అందరూ చూసేచోటే అవమానం జరిగింది కాబట్టి అక్కడే ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పండి. ఆ మొరటు జవాబు తీసేయండి. ఆపైన ఆవిడకు విడిగా రాయండి. ఆ మాటలు రాసింది మీరు కాదనీ, మీ పేరుతో వచ్చాయి కాబట్టి క్షమాపణ మీదేననీ చెప్పండి. రాసింది ఎవరో, ఎందుకు రాశారో చెప్పనక్కర్లేదు. ఇంటి మనిషిని పరాయివాళ్ల ముందు పలుచన చేసి మీరు మంచివారు అనిపించుకోనక్కర్లేదు. ఆవిడ చెప్పినదాన్నిబట్టి మోచెయ్యి సరిచేస్తున్నానని రాయండి. జవాబు రాకపోతే మళ్లీ రాయకండి.

విమర్శలు తట్టుకోవడం గురించి అడిగారు. “అది కూడా తెలియదా?” అనేవాళ్లకు మీరు జవాబు బాకీ లేరు. ఫలానా చోట ఫలానాది తప్పిందని చెప్పినవాళ్ల మాట విని, కాగితం మీద ఒకసారి వేసి చూడండి. కుదిరితే ఉంచండి, కుదరకపోతే మీరు వేసిందే ఉంచండి.

బొమ్మ తీసేయొద్దు. మోచెయ్యి దించి, వెలుగు ఒకే పక్క నుంచి పడేలా చేసి, కత్తి ఎడమ చేతిలోనే ఉంచి మళ్లీ వేయండి. పాతదాని పక్కనే కొత్తదీ పెట్టండి. పెట్టిన తర్వాత అన్నయ్యకు చూపించండి. ఇంత కోపం వచ్చిన మనిషి అసలు బొమ్మ ఎలా ఉందన్నాడో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అడగండి. బాగోలేదంటే ఎక్కడ బాగోలేదో అడిగి వినండి.