చదరంగం గింజల లెక్కలో ఆ సున్నాలెక్కడివి?

ప్రశ్న: చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, ఆపై గడిగడికీ రెట్టింపు చొప్పున 64 గళ్ళూ నింపితే మొత్తం 2⁶⁴−1 గింజలు. ఎక్సెల్‌లో వేస్తే 18446744073709600000 వచ్చింది. బేసి సంఖ్య రావాలి కదా? దీని కారణాంకాలు చేత్తో కట్టగలమా?

జవాబు: మీ అనుమానం నిజమే. ఎక్సెల్ 15 అంకెలే చూపిస్తుంది, మిగతా చోట్ల సున్నాలు పెడుతుంది. పైగా అంత పెద్ద సంఖ్యల్లో ఒకటి తీసేసినా దానికి తెలియదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 2**64-1 అని కొడితే పూర్తి విలువ వస్తుంది: 1,84,46,74,40,73,70,95,51,615. రాసుకున్నాక అంకెలు కూడండి, 87 రావాలి.

కారణాంకాలకు ఈ 20 అంకెల జోలికే వెళ్ళకండి. a²−1 = (a−1)(a+1) సూత్రాన్ని ఆరుసార్లు వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297 (అంటే 2³²+1) అని విడిపోతుంది. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదీ ప్రధానమేనని గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు.

641 ఎందుకు పనిచేస్తుందో చూడండి, ముచ్చటైన లెక్క. 641 = 5×2⁷+1, కాబట్టి 5×2⁷ను 641తో భాగిస్తే శేషం −1 (అంటే 641కి ఒకటి తక్కువ). నాలుగో ఘాతానికి తీసుకెళ్తే 5⁴×2²⁸ శేషం 1. కానీ 641 = 5⁴+2⁴ కూడా. అందుకని 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. −2³² శేషం 1 అవుతుంది. అంటే 2³²+1కి శేషం సున్నా.

భాగఫలం 6700417. ఇది ప్రధానమా? వర్గమూలం సుమారు 2588. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించడం దండగ. 2³²+1కి ఉండే ఏ ప్రధాన కారణాంకమైనా 128k+1 రూపంలోనే ఉండాలని గణితవేత్త లూకాస్ తేల్చాడు. ఆ రూపంలో 2588 లోపు ప్రధానాలు ఐదే: 257, 641, 769, 1153, 1409. 6700417ను వీటితో భాగిస్తే శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు, కాబట్టి ప్రధానమే. ఎనిమిది అంకెల క్యాలిక్యులేటర్‌లో 4294967297 పట్టదు, 12 అంకెలది తీసుకోండి.

మొత్తం ఏడు ప్రధానాలు, ఏదీ రెండుసార్లు రాలేదు. కాబట్టి 1నీ, ఆ సంఖ్యనూ కలుపుకుని భాజకాలు 2⁷, అంటే 128.