ఆశా వర్కర్ అనుభవం అమెరికాలో పనికొస్తుందా?

ప్రశ్న: హైదరాబాద్ బోరబండలో ఆశా వర్కర్‌గా చేస్తున్నాను. గ్రీన్‌కార్డు మీద మా ఆయనతో కలిసి డాలస్ వెళ్తున్నాం. అక్కడ కమ్యూనిటీ హెల్త్ వర్కర్ ఉద్యోగానికి నాలాంటివాళ్లను తీసుకుంటారా?

జవాబు: తప్పకుండా ప్రయత్నించు చెల్లీ. గడప గడపకూ తిరిగి గర్భిణుల పేర్లు రాసుకోవడం, టీకాల రోజున తల్లులను వెంటబెట్టుకెళ్లడం, టీబీ మందులు మధ్యలో మానకుండా చూడటం... అక్కడి పని కూడా చాలావరకు ఇదే. అయితే ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న వస్తుంది: "ఒకావిడ షుగర్ మాత్రలు మానేసింది. మీరేం చేస్తారు?" మనవాళ్లు వెంటనే "వేసుకోవాలని గట్టిగా చెప్తాను" అనేస్తారు. వాళ్లకు కావలసిన జవాబు వేరు. ఎందుకు మానేసిందో ముందు ఆమెనే అడగాలి. డబ్బుల్లేకా? కడుపులో తిప్పుతోందా? ఉపవాసమా? క్లినిక్‌కు తీసుకెళ్లే మనిషి లేకా? విన్నాక, ఈ వారం ఏం చేయగలదో ఆమెతోనే తేల్చుకోవాలి, నర్సుకు చెప్పాలి, అదే రోజు కంప్యూటర్‌లో రాసిపెట్టాలి. మాత్ర మార్చమని మాత్రం నువ్వు చెప్పకూడదు. ఆ హద్దు తెలుసా లేదా అన్నది బాగా గమనిస్తారు.

ఇంకోటి, గోప్యత. బస్తీలో ఎవరికి ఏ జబ్బో అందరికీ తెలుస్తుంది. అక్కడ రోగుల వివరాలు బయటపెట్టకూడదనే 1996 నాటి హిపా చట్టం ఉంది. గుడిలో కలిసిన తెలుగు ఆంటీకి కూడా పక్కింటావిడ రిపోర్టు సంగతి చెప్పకూడదు.

తెలుగుతో పాటు నీకొచ్చిన ఉర్దూ, హిందీ రెజ్యూమె పైభాగంలోనే రాయి. ఆ భాషలవాళ్లు డాలస్ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. హైదరాబాదీకి ఇది పెద్ద బలం. కారు నడపడం, డ్రైవింగ్ లైసెన్సు చాలాచోట్ల అడుగుతారు.

టెక్సస్‌లో రాష్ట్ర ఆరోగ్య శాఖ సర్టిఫికెట్ ఉంది. అందుకు 160 గంటల శిక్షణ పూర్తిచేయాలి, లేదా ఈమధ్య ఈ పనిలో తగినంత అనుభవం ఉందని చూపించాలి. హెచ్4 వీసా (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద వెళ్లేవాళ్లు మాత్రం ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, చేతికొచ్చేదాకా ఉద్యోగంలో చేరకూడదు.

విమానం ఎక్కేలోపు మీ బస్తీ దవాఖానా డాక్టరుగారితో ఇంగ్లిష్‌లో అనుభవ పత్రం రాయించుకో. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశావు, ఎన్ని ఇళ్లు చూసేదానివి, ఏ ఏ పనులు అన్నీ అందులో ఉండాలి. సంతకం కింద ఆఫీసు ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా వేయించు. అమెరికా వెళ్లాక వాటికోసం ఫోన్ల మీద తిరగడం చాలా కష్టం.