బ్లాక్‌మెయిల్‌లో ‘మెయిల్’ అంటే ఉత్తరమేనా?

కాదు. బెదిరింపు ఉత్తరాల వల్ల వచ్చిన పేరనుకోవడం సహజమే కానీ, ఆ రెండు మెయిళ్లకీ చుట్టరికం లేదు. తపాలా మెయిల్ పాత ఫ్రెంచిలో సంచి అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. బ్లాక్‌మెయిల్‌లోది స్కాట్లండ్ మాట. అక్కడ మెయిల్ అంటే కౌలు, శిస్తు. దాని మూలం స్కాండినేవియాలో ఒకప్పుడు మాట్లాడిన పాత నార్స్ భాషలోని ‘మాల్’, అంటే మాట, ఒప్పందం.

16వ శతాబ్దంలో ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దుల్లో పశువుల దొంగలదే రాజ్యం. వాళ్లని రీవర్లు అనేవారు. మందా ఇల్లూ దక్కాలంటే రైతు వాళ్లకి ఇంతని ముట్టజెప్పాలి. భూస్వామికి కట్టే కౌలుకి ఈ దొంగ కౌలు అదనం. దీన్నే బ్లాక్‌మెయిల్ అన్నారు. తమాషా ఏమిటంటే, పుచ్చుకున్న ముఠా మిగతా ముఠాల నుంచి కాపలా కూడా కాసేది! 1601లో ఇంగ్లండ్ పార్లమెంటు ఉత్తరాది కౌంటీల కోసం దీనిమీద ఏకంగా చట్టమే చేసింది. పుచ్చుకున్నవాడే కాదు, పాపం, ఇచ్చినవాడూ నేరస్థుడే.

ఇక ‘బ్లాక్’ సంగతి. వెండి నాణేలతో కట్టేది తెల్ల కౌలు, పశువుల రూపంలో ఇచ్చేది నల్లది అని కొందరంటారు. చెడ్డ పని కాబట్టి నలుపు అన్న వివరణే నాకు సబబుగా తోస్తుంది. గుట్టు బయటపెడతానని బెదిరించి డబ్బు గుంజడమనే ఇప్పటి అర్థం 19వ శతాబ్దంలో స్థిరపడింది.