నల్లచేవ మానుల దీవి

ప్రశ్న: మారిషస్ వెళ్తున్నాము. బీచ్‌లు సరే, అక్కడి అసలైన అడవిని ఎక్కడ చూడవచ్చు?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ఆగ్నేయ తీరంలో మాహేబర్గ్ సమీపాన ఉన్న ఇల్ ఓజెగ్రెత్‌కు వెళ్ళండి. 26 హెక్టార్ల ఈ పగడపు సున్నపురాతి దీవిని 1965లోనే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పడవలో చేరి, గైడ్ వెంట మాత్రమే నడవాలి. అక్కడి ఎబొనీ చెట్టు మన బీడీ ఆకుల తునికికి దాయాదే, చేవ కారునలుపు. ఒకప్పుడు వాటి పండ్లు తిని గింజలను వెదజల్లిన స్థానిక తాబేళ్ళు అంతరించిపోవడంతో, ఆ పని చేయడానికి సీషెల్స్‌లోని అల్డాబ్రా దీవి నుంచి వచ్చిన జాతి భారీ తాబేళ్ళను వదిలారు. కాలిబాట పక్కనే మెడ సాచి ఆకులు నములుతూ కనిపిస్తాయి. బయలుదేరే ముందు బూట్ల అడుగున అంటిన మట్టిని, గింజలను దులిపివేయండి. పరాయి మొక్కలే ఆ అడవికి పెద్ద శత్రువులు.