హోంవర్క్ యాప్‌కి ఎస్సెమ్మెస్‌లతో పనేంటి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. ఫిజిక్స్, కెమిస్ట్రీ లెక్క ఫోటో తీస్తే జవాబు చెప్పే యాప్‌ని వాళ్ల నాన్నగారి ఫోన్లో వేసుకున్నాడు. రొయ్యల మేతకీ, కూలీలకీ డబ్బులు పంపేది ఆ ఫోన్ నుంచే. లింకు కాలేజీ గ్రూపులో వచ్చింది. ఎస్సెమ్మెస్‌లకీ, యాక్సెసిబిలిటీకీ అనుమతి అడిగితే ఇచ్చేశాడు. జవాబులు మాత్రం తప్పుతున్నాయి, ఒక లెక్క పంపుతున్నాను. ఇంతకంటే మంచి యాప్ ఉందా? (అమలాపురం దగ్గర నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, అనుమతులు ఇచ్చేశాడని మీరు మధ్యలో మామూలుగా రాసేసిన ఆ ఒక్క వాక్యం చదివి నాకు గుండె ఆగినంత పనైంది. లెక్క సంగతి తర్వాత. ముందు ఆ ఫోన్లో నెట్ ఆపండి.

లెక్క ఫోటో తీయడానికి కెమెరా చాలు. ఎస్సెమ్మెస్‌లు చదవనిస్తే బ్యాంకు పంపే ఓటీపీలన్నీ దానికి కనపడతాయి. యాక్సెసిబిలిటీ ఇంకా ప్రమాదం. చూపు సరిగా లేనివాళ్లకి స్క్రీన్ మీదున్నది చదివి వినిపించడానికి పెట్టిన సౌకర్యం అది. దాన్ని చేతికిస్తే యాప్ మన స్క్రీన్ చూడగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. రొయ్యల మేతకీ, కూలీలకీ డబ్బులు పంపేది ఆ ఫోన్ నుంచే అని మీరే రాశారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాక్సెసిబిలిటీ ఆపి, యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే, సెట్టింగ్స్‌లోనే డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద అదనపు అధికారాలున్న యాప్‌లు) జాబితాలో దాని పేరుందేమో చూసి, అక్కడా ఆపండి. తర్వాత యూపీఐ పిన్ మార్చి, బ్యాంకుకి చెప్పండి. ఒక్క రూపాయి తేడా కనిపించినా వెంటనే 1930కి ఫోన్ చేయండి. గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైళ్ల (ప్లే స్టోర్ నుంచి కాకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైళ్ల) గురించి ఈ నెలలో నాకు వచ్చిన నాలుగో ఉత్తరం ఇది.

ఇక మీరు పంపిన లెక్క. జనంతో కలిపి 800 కిలోలున్న ఆటో గంటకి 54 కిలోమీటర్ల వేగంతో పోతోంది, గతిశక్తి ఎంత? ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలని యాప్‌కి తెలుసు. కానీ 54ని అలాగే వర్గం చేసి 11,66,400 జౌళ్లు అంది. 54ని 3.6తో భాగిస్తే సెకనుకి 15 మీటర్లు. 15 వర్గం 225, దాన్ని 400తో గుణిస్తే 90,000 జౌళ్లు. సెకనుకి 54 మీటర్లంటే గంటకి 194 కిలోమీటర్ల పైనే. రావులపాలెం రోడ్డు మీద ఆ వేగంతో పోయే ఆటోని మీవాడు ఎప్పుడైనా చూశాడా? వాయువుల లెక్కల్లోనూ అంతే, ఇలాంటి యాప్‌లు 27 డిగ్రీల సెల్సియస్‌ని 300 కెల్విన్ చేయకుండా 27నే వేసేస్తాయి. 10 మీద చిన్నగా రాసిన ఘాతం 3ని 103గా చదివేవీ ఉన్నాయి.

ఇలాంటి యాప్‌లు తయారుచేసేవాళ్ల మీద నా కోపం ఒక్కటే. జవాబు పెద్ద అక్షరాల్లో పైన పెడతారు, అది ఎలా వచ్చిందో ప్రకటన చూస్తేగానీ చూపించరు. పిల్లవాడికి కావలసింది ఆ కింద దాచిన నాలుగు లైన్లే కదా!

అందుకే వేరే యాప్ పేరు చెప్పను. ఫోన్లో ఉన్న కాలిక్యులేటర్ చాలు. చాలా ఫోన్లలో అడ్డంగా తిప్పితే సైన్, కాస్ వస్తాయి. సైన్ 30 కొట్టి చూడమనండి. 0.5 రావాలి. మైనస్ 0.988 వస్తే అది రేడియన్లలో ఉన్నట్టు, డిగ్రీలకి మార్చుకోమనండి.